పాటలో దండం పెడితే సరిపోదు

అమెరికాలో నల్ల స్త్రీల కోసం ఒక నల్ల కుర్రవాడు పాడిన పాట ఉంది. పేరు 'కీప్ యా హెడ్ అప్'. మన మాటల్లో చెప్పాలంటే 'తల దించుకోబాకమ్మా' అని. పాడినవాడు టూపాక్ షకూర్. 1993 అక్టోబరులో ఆ పాట విడిగా విడుదలైంది. అప్పటికి అతనికి 22 ఏళ్లు. అమెరికా మొత్తం పాటల పట్టికలో అది 12వ స్థానం దాకా ఎక్కింది. ముప్పై ఏళ్లు దాటినా ఇప్పటికీ వింటున్నారు.

మన గూడేల్లో కూడా టూపాక్ బొమ్మ ఉన్న చొక్కాలు తొడిగిన కుర్రాళ్లు కనపడుతున్నారు. బొమ్మ తెలుసు, పాట తెలియదు. పాట తెలిసిన కొద్దిమందికి అది ఏ పిల్లను తలుచుకుని పాడిందో తెలియదు. అది కూడా తెలిసినవాళ్లు, పాడినవాడి మీద తర్వాత వచ్చిన కేసు సంగతి ఎత్తరు. పాట, పిల్ల, కేసు, ఈ మూడూ ఒకచోట పెట్టి మాట్లాడాలని మేము అనుకున్నాం. ఎందుకంటే ఆడవాళ్లను పొగిడే పాటలకు మన ఉద్యమంలోనూ కరువు లేదు. ఆ పాటలకు లెక్క అడిగేవాళ్లకే కరువు.

దరువు పుట్టిన చోటు

ముందు ర్యాప్ అంటే ఏమిటో రెండు ముక్కలు. న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే ప్రాంతంలో పేదల పేటలు ఉన్నాయి. అక్కడ 1973 ఆగస్టు 11న సిండీ కాంప్‌బెల్ అనే నల్లమ్మాయి తాముండే భవనంలోనే ఒక హాలులో పాటల విందు పెట్టింది. బడులు తెరిచే రోజులు. కొత్త బట్టలకు డబ్బులు కావాలి. అందుకని టికెట్టు పెట్టి నలుగుర్నీ పిలిచింది. ఆమె అన్న, అందరూ కూల్ హెర్క్ అని పిలిచేవాడు, రికార్డులు వేశాడు. పాటలో దరువు ఒక్కటే మోగే ముక్కను రెండు యంత్రాల మీద మార్చి మార్చి సాగదీసే పద్ధతి అతనిది. ఆ దరువు మీద మాటలు పడ్డాయి. వాయిద్యాలు కొనే తాహతు లేని పిల్లలు పాత రికార్డులనే వాయిద్యం చేసుకున్నారు. హిప్ హాప్ పుట్టింది అక్కడే అని చెబుతారు. దరువు మీద నడిచే ఆ మాటల పాటే ర్యాప్. డప్పు తెలిసిన మనకు ఇది అర్థం కాని సంగతేం కాదు.

1979లో 'ర్యాపర్స్ డిలైట్' అనే రికార్డు వచ్చింది. పేటల్లో ఉన్న ర్యాప్‌ను దేశమంతా వినేటట్టు చేసిన రికార్డు అది. దాన్ని తీసింది సిల్వియా రాబిన్సన్ అనే నల్ల స్త్రీ.

చూడండి, మొదటి విందు పెట్టింది ఆడపిల్ల. మొదటి పెద్ద రికార్డు తీసింది ఆడమనిషి. కానీ హిప్ హాప్ అనగానే మన కళ్ల ముందు నిలిచే బొమ్మ మగవాడిదే. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. ఇది మనకు కొత్తా?

ఒక డాలరు 79 సెంట్లు

ఇప్పుడు ఆ పిల్ల సంగతి. పేరు లటాషా హార్లిన్స్. 15 ఏళ్లు. ఉండేది లాస్ ఏంజెల్స్ నగరం దక్షిణాన నల్లవాళ్ల పేటలో. తల్లిని 1985లో కాల్చి చంపారు. అమ్మమ్మ పెంచుతోంది. 1991 మార్చి 16న పొద్దున పేటలోని ఒక దుకాణానికి వెళ్లి నారింజ రసం సీసా తీసుకుంది. దాని ధర ఒక డాలరు 79 సెంట్లు. సీసాను వీపున ఉన్న సంచిలో పెట్టుకుని గల్లా దగ్గరికి నడిచింది. చేతిలో రెండు డాలర్లు ఉన్నాయి.

గల్లా దగ్గర కూర్చున్నామె, కొరియా నుంచి వలస వచ్చిన ఆమె, దొంగతనం చేస్తున్నావని లటాషా చొక్కా పట్టుకుని లాగింది. పెనుగులాట జరిగింది. పిల్ల ఆమెను కొట్టింది. తర్వాత సీసాను గల్లా మీద పెట్టేసి వెనక్కి తిరిగి నడిచింది. తిరిగి వెళుతున్న పిల్లను ఆమె తుపాకీతో వెనక నుంచి తలలో కాల్చింది. దుకాణంలోని కెమేరా ఇదంతా పట్టింది. పిల్ల చేతిలో డబ్బులు దొరికాయి. దొంగతనం ప్రయత్నమే జరగలేదని పోలీసులే చెప్పారు.

కోర్టులో ఏం జరిగింది? జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి పౌరుల నుంచి ఎంచుకున్న బృందం, హత్యా నేరం తగ్గించి నరహత్య అని తేల్చింది. దానికి 16 ఏళ్ల దాకా జైలు వెయ్యొచ్చు. 1991 నవంబరు 15న జడ్జి శిక్ష చెప్పింది. జైలు లేదు. అయిదేళ్లు మంచి నడవడితో ఉండాలి, 400 గంటలు సమాజ సేవ చెయ్యాలి, 500 డాలర్లు జరిమానా కట్టాలి, పిల్ల అంత్యక్రియల ఖర్చు ఇవ్వాలి. 1992 ఏప్రిల్‌లో పై కోర్టు కూడా ఆ శిక్షే సబబని చెప్పింది.

ఆ జరిమానా అంకె మళ్లీ చదవండి. నల్లపిల్ల ప్రాణానికి కోర్టు కట్టిన వెల అది.

చంపినామె కూడా పొట్ట చేతబట్టుకుని వలస వచ్చిన మనిషే. దుకాణంలో దొంగతనాల భయం, గూండాల బెదిరింపులు ఆ కుటుంబానికి ఉన్నాయని కోర్టులో చెప్పారు. మేము కాదనటం లేదు. నల్లవాళ్ల పేటలో పెద్ద అంగళ్లు పెట్టరు. వలస వచ్చినవాళ్లు చిన్న దుకాణం పెట్టుకుంటారు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య అనుమానమే ఉంటుంది. పైనున్నవాళ్లు ఎక్కడో చల్లగా ఉంటారు. కిందివాళ్లు గల్లాకు అటూ ఇటూ నిలబడి కొట్టుకుంటారు. ఇంతవరకూ నిజమే. అయినా వెనక్కి తిరిగి నడిచే పిల్ల తల మీద కాల్చడానికి అది సమాధానం కాదు. జైలు అక్కర్లేదనటానికి అసలే కాదు.

లటాషా చావుకు 13 రోజుల ముందు, 1991 మార్చి 3న, అదే నగరంలో రాడ్నీ కింగ్ అనే నల్లవాణ్ణి పోలీసులు రోడ్డు మీద పడేసి బాదారు. అదీ కెమేరాకు చిక్కింది. 1992 ఏప్రిల్ 29న ఆ పోలీసులు దాదాపు అన్ని అభియోగాల నుంచీ బయటపడ్డారు. ఆ సాయంత్రం నగరం అంటుకుంది. 60 మందికి పైగా చనిపోయారు. వందలాది కొరియన్ దుకాణాలు తగలబడ్డాయి. రాడ్నీ కింగ్ కోసమే కాలిందని లోకం రాసుకుంది. కానీ ఆ దుకాణాల మీదికి మంట ఎందుకు పోయింది? లటాషా శిక్ష తీర్పు ఆ పేటల గుండెల్లో అప్పటికే రగులుతోంది. చరిత్రలో మగవాడి దెబ్బలు పెద్ద అక్షరాల్లో అచ్చయ్యాయి. ఆడపిల్ల చావు చిన్న అక్షరాల్లో అడుక్కి పోయింది. ఆ పిల్ల మేనత్తో పిన్నో కాకుండా మరెవరైనా వీధిలోకి వస్తే అప్పుడు చరిత్ర వింటుంది కాబోలు. డెనీస్ హార్లిన్స్ అనే ఆ పిల్ల దగ్గరి బంధువు ఏళ్ల తరబడి న్యాయం కోసం తిరిగింది. ఆమె పేరు ఎంతమందికి తెలుసు?

ఇట్లాంటి సమయంలో టూపాక్ తన పాటను లటాషా జ్ఞాపకానికి అంకితం ఇచ్చాడు. పాట వీడియో మొదట్లోనే ఆ పిల్ల పేరు పెట్టాడు. కోర్టు 500 డాలర్లకు కొట్టిపారేసిన పేరును దేశమంతా చదివేటట్టు చేశాడు. ఆ పాట చేసిన మొదటి మంచిపని ఇదే. ఈ మంచిపనిని మేము తక్కువ చెయ్యం.

పాట ఏమంటుంది?

ఆడవాళ్ల మీద పాటలు చాలా ఉంటాయి. అమ్మ దేవత అంటారు, త్యాగమూర్తి అంటారు. దేవతను చేస్తే కూలి ఇవ్వక్కర్లేదు, వాటా ఇవ్వక్కర్లేదు. ఈ పాట ఆ దారిన పోదు. నలుపును మెచ్చుకునే నల్లవాళ్ల పాత సామెతతో ఎత్తుకుంటుంది. తెల్లతోలే అందం అనే చోట అదే పెద్ద మాట. తర్వాత ప్రభుత్వ సాయంతో పిల్లల్ని సాకే తల్లులకు నమస్కారం చెబుతుంది.

ఆ నమస్కారం బరువెంతో తెలియాలంటే అప్పటి అమెరికా తెలియాలి. 1976 ఎన్నికల ప్రచారం నుంచి రొనాల్డ్ రీగన్ ఊరూరా తిరిగి, సర్కారు సొమ్ము మోసంతో తిని కులికే ఆడదాని కథ ఒకటి చెప్పాడు. వినేవాళ్లు నల్ల స్త్రీనే ఊహించుకున్నారు. సాయం తీసుకునే ప్రతి నల్లతల్లికీ ఆ ముద్ర పడింది. చివరికి 1996 ఆగస్టులో బిల్ క్లింటన్ సంతకంతో, 1935 నుంచి ఉన్న ఆ సాయం చట్టాన్నే ఎత్తేశారు. తల్లుల్ని దోషుల్ని చేసే అట్లాంటి కాలంలో, దేశంలో పేరున్న గాయకుడు వాళ్లకు దండం పెట్టటం చిన్న సంగతి కాదు. 'వాళ్లకన్నీ ఊరికే వస్తాయి' అనే మాట రేషన్ షాపు దగ్గరా, హాస్టలు గేటు దగ్గరా వినే మనకు ఆ దండం విలువ వేరే చెప్పాలా?

పాట అక్కడ ఆగలేదు. మగవాళ్ల వైపు తిరిగి నిలదీస్తుంది. కన్నది ఆడవాళ్లే కదా, మరి వాళ్ల మీద ఈ ద్వేషం ఎక్కడిది, ఈ అత్యాచారాలు ఏమిటి అని అడుగుతుంది. కడుపు చేసి వదిలేసి పోయేవాణ్ణి ఎండగడుతుంది. బిడ్డను ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో చెప్పే అధికారం మగవాడికి లేదంటుంది. అమెరికా సుప్రీంకోర్టు 1973లో ఇచ్చిన గర్భస్రావ హక్కును అదే కోర్టు 2022 జూన్‌లో కొట్టేసింది. కాబట్టి ఆ మాట ఇవాళ ఇంకా పదునెక్కింది. యుద్ధాలకు దొరికే డబ్బు పేదోడి కంచానికి ఎందుకు దొరకదని కూడా పాట అడుగుతుంది.

పొగడ్త వేరు, లెక్క అప్పచెప్పటం వేరు. ఈ పాటలో మగవాడు మగవాళ్లను లెక్క అడిగాడు. అందుకే ఇది మిగతావాటికన్నా మేలైన పాట అని మా అభిప్రాయం.

ఈ మాటలు ఎక్కడ నేర్చాడు? తల్లి దగ్గర. అఫెనీ షకూర్ అతని తల్లి. బ్లాక్ పాంథర్ పార్టీలో పనిచేసింది. 1969 ఏప్రిల్‌లో న్యూయార్క్ పాంథర్ల మీద బాంబుల కుట్ర కేసు పెట్టి ఆమెనూ పట్టుకుపోయారు. ఆమె లాయరు కాదు. అయినా కోర్టులో తన కేసు తానే వాదించుకుంది. కడుపుతో ఉండి వాదించింది. సాక్షుల్ని తానే ప్రశ్నించింది. 1971 మేలో అందరూ నిర్దోషులని తేలింది. జూన్ 16న కొడుకు పుట్టాడు. స్పెయిన్ దొరల మీద తిరగబడి 1781లో ప్రాణమిచ్చిన పెరూ ఆదివాసీ వీరుడు టూపాక్ అమారు పేరు వాడికి పెట్టింది. తర్వాత ఆమె మత్తుమందులకు లొంగింది, మళ్లీ లేచి నిలబడింది. 1995లో అతను ఆమె మీద 'డియర్ మామా' అనే పాట చేశాడు. 2016లో ఆమె కన్నుమూసింది.

పాడినవాడి లెక్క

ఇప్పుడు చాలామంది దాటేసే చోటికి వద్దాం.

ఆ పాట విడుదలై నెల తిరక్కముందే, 1993 నవంబరులో, న్యూయార్క్‌లోని ఒక హోటలు గదిలో తన మీద టూపాక్, అతని వెంట ఉన్నవాళ్లు కలిసి లైంగిక దాడి చేశారని ఒక యువతి ఫిర్యాదు చేసింది. 1994 డిసెంబరు 1న జ్యూరీ అతన్ని లైంగిక హింస నేరంలో దోషి అంది. అంతకన్నా పెద్ద అభియోగాలు, తుపాకీ అభియోగాలు కొట్టేసింది. 1995 ఫిబ్రవరిలో ఏడాదిన్నర నుంచి నాలుగున్నరేళ్ల దాకా శిక్ష పడింది. తాను ఆ నేరం చెయ్యలేదని అతను చివరిదాకా అన్నాడు. నెలల తరబడి జైల్లో ఉండి 1995 అక్టోబరులో బెయిలు మీద వచ్చాడు. 1996 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో ఎవరో కాల్చారు. 13వ తేదీన చనిపోయాడు. అప్పటికి 25 ఏళ్లు.

కేసు ఒక్కటే కాదు. 'కీప్ యా హెడ్ అప్' ఉన్న ఆల్బంలోనే ఆడవాళ్లను ఆటబొమ్మల్లాగా లెక్కపెట్టుకునే పాట కూడా ఉంది. సి. డెలోరెస్ టక్కర్ అని ఒక నల్ల నాయకురాలు ఉండేది. మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచిన మనిషి. ర్యాప్ పాటల్లో నల్ల స్త్రీలను తిట్టే తిట్లు ఆపాలని 1990లలో ఆమె ఉద్యమం నడిపింది. ఆమెను టూపాక్ పాటలోనే పేరు పెట్టి తిట్టాడు. నల్ల స్త్రీలకు దండం పెట్టిన నోరే నల్ల స్త్రీని తిట్టింది.

ఇక్కడ రెండు రకాల మనుషులు వస్తారు.

ఒకరకం వాళ్లు అంటారు, 'మహాకవి, మనోడు, తెల్లోళ్ల కోర్టు ఇరికించింది, వదిలెయ్యండి' అని. అమెరికా కోర్టులు నల్ల మగవాళ్ల మీద ఎంత క్రూరంగా ఉంటాయో మాకు తెలుసు. లటాషాను చంపినామెను జైలుకు పంపని న్యాయం, టూపాక్‌ను పంపింది. ఆ తేడా కళ్లకు కనపడుతూనే ఉంది. కానీ ఆ తేడాకు మందు ఏమిటి? లటాషాకు న్యాయం చెయ్యటమా, ఫిర్యాదు చేసిన యువతి నోరు మూయించటమా? ఒక ఆడపిల్లకు జరిగిన అన్యాయాన్ని చూపించి ఇంకో ఆడపిల్లకు అన్యాయం చేద్దామంటే అది న్యాయం పేరుతో మోసం.

రెండోరకం వాళ్లు, 'చూశారా, ఈ జాతే ఇంత, ఈ పాటలే ఇంత' అంటారు. ఒక నల్లవాడి తప్పు దొరికితే నల్లజాతి మొత్తానికి అంటగట్టే పత్రికలు అక్కడ చాలా ఉన్నాయి. తెల్లవాడు తప్పు చేస్తే అది ఆ ఒక్కడి తప్పు. నల్లవాడు చేస్తే జాతి తప్పు. ఈ లెక్క మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. వీళ్ల మాట మేము అసలు ఒప్పుకోం.

మరి మా మాట ఏమిటి? పాట లటాషాది. ఆ పాట విని తలెత్తుకున్న తల్లులది. దాన్ని పారెయ్యక్కర్లేదు. కానీ ఆ పాటలోని కొలబద్దనే పాడినవాడి మీద కూడా పెట్టాలి. ఆడవాళ్లను ఎందుకు హింసిస్తున్నారని మగవాళ్లను అడిగిన పాట అది. పాడినవాడు కూడా మగవాడే కదా? ఆ ప్రశ్నలో నుంచి అతన్ని మినహాయించే హక్కు ఎవరిచ్చారు? పాట గొప్పది కాబట్టి తప్పు చిన్నదై పోదు. తప్పు ఉంది కాబట్టి పాటలో నిజం అబద్ధమై పోదు. రెండిటినీ పక్కపక్కనే పెట్టుకుని చూసే ఓపిక ఉద్యమకారుడికి ఉండాలి.

ఆడవాళ్లు ఊరుకున్నారా?

అసలు నల్ల స్త్రీల గౌరవం గురించి మగవాడు పాడితేనే తెలుస్తుందా? 1989లోనే క్వీన్ లతీఫా అనే నల్ల యువతి, మోనీ లవ్ అనే ఇంకో యువతితో కలిసి 'లేడీస్ ఫస్ట్' అని పాడింది. బానిసత్వం మీద పోరాడిన హ్యారియట్ టబ్‌మన్, సోజర్నర్ ట్రూత్ లాంటివాళ్ల బొమ్మలు ఆ వీడియోలో చూపించింది. 1993లో, టూపాక్ పాట వచ్చిన ఆ కొద్దిరోజుల్లోనే, 'యూనిటీ' అనే పాట తెచ్చింది. దారిన పోయే ఆడపిల్ల మీద చెయ్యి వేసేవాణ్ణి, ఇంట్లో కొట్టేవాణ్ణి, నోటికొచ్చిన తిట్టు తిట్టేవాణ్ణి ముఖాముఖి అడుగుతుంది ఆ పాట. అట్లా తిట్టే ర్యాపర్లను కూడా వదల్లేదు. ఆ పాటకు 1995లో గ్రామీ బహుమతి వచ్చింది. టూపాక్ పాట ఓదార్పు. లతీఫా పాట ఎదురుతిరగటం. ఓదార్పు మంచిదే. కానీ దెబ్బ తిన్న మనిషి తానే నోరు తెరిచి అడిగితే దాని వేడి వేరు.

1991 అక్టోబరు సంగతి ఒకటి చెప్పాలి. క్లారెన్స్ థామస్ అనే నల్లాయనను సుప్రీంకోర్టు జడ్జిగా పెట్టబోతుంటే, తన కింద పనిచేసినప్పుడు లైంగికంగా వేధించాడని అనిటా హిల్ అనే నల్ల ప్రొఫెసరు సాక్ష్యం చెప్పింది. ఆయన, నల్లవాడిని కాబట్టే నా మీద పడ్డారని గోల చేశాడు. సెనేట్ 52-48 ఓట్లతో ఆయన్నే జడ్జిని చేసింది. అనిటా హిల్ జాతిద్రోహి అన్నారు. అప్పుడు 1600 మందికి పైగా నల్ల స్త్రీలు చందాలు వేసుకుని, 1991 నవంబరు 17న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో పెద్ద ప్రకటన వేశారు. మా తరఫున మేమే నిలబడతామని చెప్పారు. లటాషా శిక్ష తీర్పు వచ్చిన రెండు రోజులకే అది అచ్చయింది. ఒకపక్క తెల్లవాళ్ల రాజ్యం, ఇంకోపక్క తమ జాతి మగవాళ్ల కోపం. రెండువైపులా దెబ్బలు తినే చోటు నల్ల స్త్రీది. ఆ చోటుకు చట్టంలో పేరు కూడా లేదని 1989లో కింబర్లీ క్రెన్‌షా అనే నల్ల న్యాయశాస్త్ర ప్రొఫెసరు రాసింది. 2014లో ఆమె, తోటివాళ్లు కలిసి 'ఆమె పేరు చెప్పండి' అనే ఉద్యమం తెచ్చారు. పోలీసుల చేతిలో చచ్చిన నల్ల మగవాళ్ల పేర్లు నినాదాలవుతున్నాయి, నల్ల స్త్రీల పేర్లు ఏమైపోతున్నాయని అడిగారు.

లటాషా పేరును కూడా ఆఖరికి నల్ల స్త్రీలే నిలబెట్టారు. బ్రెండా స్టీవెన్సన్ అనే చరిత్రకారిణి 2013లో ఆ కేసు మీద పుస్తకం రాసింది. సోఫియా నాలీ అలిసన్ 2019లో ఆ పిల్ల బతుకు మీద చిన్న సినిమా తీసింది. అది ఆస్కార్ పోటీకి నామినేట్ అయింది. ఆ సినిమాకు ముఖ్యం ఆ పిల్ల చావు కాదు. ఆమె నవ్వు, ఆమె స్నేహాలు, ఆమె కన్న కలలు. చచ్చినప్పుడు తప్ప మనవాళ్ల పిల్లల్ని ఎవరూ చూడరు. బతికిన పిల్లగా చూడటం కూడా గౌరవమే.

మన సంగతి

నల్లవాళ్ల గోడు మనకెందుకు అనేవాళ్లు మన చరిత్ర చదవని వాళ్లు. 1873లో జోతిరావు ఫూలే 'గులాంగిరి' పుస్తకాన్ని, నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయ్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే లాంటి యువకులు దళిత పాంథర్స్ పెట్టారు. ఆ పేరు తెచ్చుకున్నది అఫెనీ షకూర్ పనిచేసిన పార్టీ నుంచే. బ్లాక్ పాంథర్ల నుంచి మనం పేరు తెచ్చుకున్నాం, కోపం తెచ్చుకున్నాం. వాళ్ల ఆడవాళ్లు నేర్పిన పాఠం మాత్రం తెచ్చుకోలేదు.

కారంచేడు సంగతే తీసుకోండి. 1985 జులైలో తాగేనీళ్ల చెరువు దగ్గర పెత్తందారు కుర్రాళ్ల దౌర్జన్యానికి అడ్డంగా బిందె ఎత్తింది మున్నంగి సువార్త. ఉద్యమం ఆ బిందె దగ్గర మొదలైంది. తర్వాత వేదికల మీద ఎవరు కూర్చున్నారు? మైకు ఎవరి చేతిలో ఉంది? వంట పొయ్యి దగ్గర ఎవరున్నారు? మా అక్కచెల్లెళ్లు ఈ ప్రశ్నలు అడిగి అడిగి విసిగారు. విసిగి తామే రాసుకున్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' చూడండి. తరాల దళిత స్త్రీల మాట ఒక్కచోట చేరింది అందులో. మన గురించి మనమే చెప్పుకుంటామనే మాటే అదీను.

కాబట్టి సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకూ, పాటగాళ్లకూ మేము చెప్పేది ఇది.

ఆడవాళ్ల మీద పాట రాయండి, తప్పు లేదు. టూపాక్ చేసినట్టు చచ్చిన పిల్ల పేరు పాటలో పెట్టండి. ఊరు పేరు పెట్టండి, కోర్టు ఏం చేసిందో పెట్టండి. 'తల్లీ, చెల్లీ' అని ఊరికే వాపోతే ఎవరి పేరూ మిగలదు.

పాటల దళంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వాళ్లు కోరస్ పాడటానికే కాదు, పాట కట్టటానికీ, ముందు నిలబడి పాడటానికీ ఉండాలి. చీకటి పడితే ఇంటికి చేర్చే బాధ్యత సంఘానిది.

పాటగాడి మీద ఆడమనిషి ఫిర్యాదు చేస్తే 'ఉద్యమం చీలుతుంది, ఊరుకోమ్మా' అనే పంచాయితీ వద్దు. వినేవాళ్లలో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. ఉద్యమాన్ని చీల్చేది ఫిర్యాదు కాదు, తప్పు. అనిటా హిల్‌ను జాతిద్రోహి అన్నవాళ్ల మాట మన నోట రాకూడదు.

బడిలో పనిచేసేవాళ్లం కాబట్టి ఇంకోమాట. గల్లా దగ్గర, బస్సులో, తరగతిలో, మన పిల్ల చేతిలో వస్తువు కనపడితే ముందు 'ఎక్కడిదే?' అని అడిగే చూపు ఒకటి ఉంటుంది. లటాషాను ముందు చంపింది ఆ చూపే. తుపాకీ తర్వాత పేలింది. ఆ చూపు పంతుళ్లలోనూ ఉంది. అది పోగొట్టే పని పంతుళ్లదే.

టూపాక్ చొక్కా తొడిగిన తమ్ముళ్లారా, చొక్కా విప్పమని మేము అనం. ఆ పాట వినండి. తర్వాత లతీఫా పాట కూడా వినండి. వచ్చే మీటింగులో ఇద్దరి గురించీ చెప్పండి. చెప్పేముందు లటాషా హార్లిన్స్ అనే పేరు గట్టిగా పలకండి. ఆ తర్వాత మన ఊళ్లో మరిచిపోయిన పిల్ల పేరు ఏమిటో, ఆ పిల్ల కేసు ఏ కోర్టులో ఏ వాయిదాలో ఉందో, అక్కడున్న అక్కల్ని అడిగి రాసుకోండి.

జై భీమ్.